ఇచ్చిన అక్షరాలతో ఇంగ్లీషు మాట కట్టడం ఎలా?

బ్యాంకు పరీక్షల రీజనింగ్ పేపర్లో ఒక ప్రశ్న తరచుగా కనిపిస్తుంది. 'ఓ, పి, ఎస్, టి అనే నాలుగు అక్షరాలను ఒక్కొక్కసారి మాత్రమే వాడి ఎన్ని అర్థవంతమైన ఇంగ్లీషు పదాలు చేయవచ్చు?' కింద ఐదు జవాబులుంటాయి: ఏదీ లేదు, ఒకటి, రెండు, మూడు, మూడు కంటే ఎక్కువ.

తెలుగు మీడియంలో చదివిన మన తమ్ముళ్లు ఈ ప్రశ్న చూడగానే 'ఇది మనకు రాదు' అని వదిలేస్తుంటారు. వదిలేయనక్కర లేదు. ఇందులో ఇంగ్లీషు కొంచెం, లెక్క ఎక్కువ. లెక్కకు మనం భయపడం కదా!

గ్రామీణ బ్యాంకుల పరీక్షలను తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో కూడా జరుపుతామని 2019లో కేంద్రం ప్రకటించింది. అది మనకెంతో మేలు. కానీ ప్రశ్నపత్రం తెలుగులో ఉన్నా ఈ ఒక్క ప్రశ్నలో అక్షరాలు ఇంగ్లీషువే ఉంటాయి. కాబట్టి పద్ధతి నేర్చుకోక తప్పదు.

(ఈ వ్యాసంలో ఎ అంటే ఇంగ్లీషు మొదటి అక్షరం, ఇ అంటే ఐదో అక్షరం.)

ముందు లెక్క

నాలుగు అక్షరాలను ఎన్ని వరుసల్లో పేర్చవచ్చు? మొదటి చోటికి నాలుగింటిలో ఏదైనా వస్తుంది. రెండో చోటికి మూడు, మూడో చోటికి రెండు, చివరికి ఒకటి మిగులుతాయి. 4×3×2×1 = 24. అంటే 24 వరుసలకు మించి లేవు. ఐదు అక్షరాలైతే 120, ఆరైతే 720. అన్నీ రాసి చూసేంత సమయం పరీక్షలో ఉండదు. అందుకే పనికిరాని వరుసలను ముందే ఏరివేయాలి.

అచ్చును కూర్చోబెట్టండి

తెలుగులో అచ్చు గుణింతంగా మారి హల్లులో కలిసిపోతుంది. ఇంగ్లీషులో అలా కాదు, అచ్చు విడిగా ఒక చోటు తీసుకుంటుంది. ఎ, ఇ, ఐ, ఓ, యు - ఈ ఐదింటిలో ఒకటైనా లేని ఇంగ్లీషు మాట చాలా అరుదు. అవి లేనిచోట సాధారణంగా వై ఉంటుంది: స్కై, డ్రై లాగా. కాబట్టి ముందు అచ్చుకు చోటు చూపించాలి.

మన ప్రశ్నలో అచ్చు ఒక్కటే, ఓ. దాన్ని ఒక్కో చోట పెట్టి చూద్దాం.

మొదటి చోట: ఓ-పి-టి-ఎస్, ఆప్ట్స్ (ఎంచుకుంటాడు). ఒకటి.

రెండో చోట: పి-ఓ-టి-ఎస్ (పాట్స్, కుండలు), టి-ఓ-పి-ఎస్ (టాప్స్), పి-ఓ-ఎస్-టి (పోస్ట్). మూడు.

మూడో చోట: ఎస్-టి-ఓ-పి (స్టాప్), ఎస్-పి-ఓ-టి (స్పాట్). రెండు.

చివరి చోట: ముందు మూడు హల్లులు వరుసగా వస్తాయి. మాట కుదరదు.

మొత్తం ఆరు. జవాబు 'మూడు కంటే ఎక్కువ'. నాలుగో మాట దొరకగానే ఆగిపోవచ్చు, మిగతావి వెతకడం సమయం దండగ.

రెండు అచ్చులుంటే

ఎ, ఇ, ఆర్, టి తీసుకోండి. ఇక్కడ రెండు గుర్తులు పనికొస్తాయి. ఒకటి, చివర ఇ పలకకుండా ఉండిపోవడం: ఆర్-ఎ-టి-ఇ (రేట్), టి-ఎ-ఆర్-ఇ (టేర్). వేబ్రిడ్జి చీటీ మీద గ్రాస్, టేర్, నెట్ అని ఉంటుంది, చూసే ఉంటారు. టేర్ అంటే బండి ఖాళీ బరువు. రెండోది, ఇ-ఎ జంటగా రావడం: టి-ఇ-ఎ-ఆర్ (కన్నీరు). జవాబు మూడు.

హల్లులకు కూడా జంటలున్నాయి. ఎస్-టి, టి-ఆర్, టి-హెచ్, ఎస్-హెచ్, సి-హెచ్ మాట మొదట్లో వస్తాయి. ఆర్-టి, ఎన్-జి జంటలతో మాట మొదలు కాదు, ముగుస్తుంది. క్యూ కనబడితే పక్కన యు పెట్టండి.

చెవిని నమ్మవద్దు

మన ఊరి పేరే చూడండి. తొర్రూరు తెలుగులో మూడక్షరాలు. గళ్ళ నుడికట్టులో మూడు గళ్ళు చాలు. ఇంగ్లీషులో టి-హెచ్-ఓ-ఆర్-ఆర్-యు-ఆర్, ఏడు కావాలి. ఆ ఏడింటిలో నాలుగక్షరాల మాటలు వెతికితే టి-ఓ-యు-ఆర్ (టూర్), హెచ్-యు-ఆర్-టి (హర్ట్), హెచ్-ఓ-యు-ఆర్ (అవర్, గంట) దొరుకుతాయి. హెచ్ తీసేస్తే మిగిలేదీ అవరే, కానీ అర్థం 'మన'. చెవికి రెండూ దాదాపు ఒకటే, కంటికి వేరు. తెలుగు విన్నట్టే రాస్తాం కాబట్టి మనం ఇక్కడే పొరబడతాం. మాటను చూసి, రాసి గుర్తుంచుకోవాలి. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు పదాలుగా లెక్కపెట్టకూడదు.

ఏ అక్షరం ఎక్కువ?

అమెరికాలో ఆల్ఫ్రెడ్ బట్స్ అనే ఆయన వార్తాపత్రికల పేజీల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి 1938లో ఒక ఆట తయారుచేశాడు. అదే తర్వాత స్క్రాబుల్ అయింది. అందులో 100 బిళ్ళలుంటే ఇ బిళ్ళలు 12, ఎ, ఐ తొమ్మిదేసి. క్యూ, జెడ్ ఒక్కొక్కటే, వాటికి పదేసి పాయింట్లు. 2021లో జాష్ వార్డిల్ జనంలోకి తెచ్చిన వర్డిల్ ఆటలో ఐదక్షరాల మాటను ఆరు ప్రయత్నాల్లో కనుక్కోవాలి. అక్కడా ఇ, ఎ, ఆర్, టి లాంటి తరచుగా వచ్చే అక్షరాలతో మొదలుపెట్టడమే తెలివి.

సాధన

దీనికి కోచింగ్ ఫీజు అక్కరలేదు. స్టడీ అవర్లో పది నిమిషాలు చాలు. సబ్బు కాగితం మీదో, పేపర్లోనో కనిపించిన ఒక ఇంగ్లీషు మాట రాసుకుని, దాని అక్షరాలతో నాలుగక్షరాల మాటలు వెతకండి. దొరికినదాని అర్థం పక్కన రాయండి. కొత్త మాట వస్తే డిక్షనరీ చూడండి. ఇద్దరు ముగ్గురు కలిసి పోటీగా చేస్తే ఇంకా మంచిది.

మొదటి సాధన మన ఇంటి నుంచే: హెచ్-ఓ-ఎస్-టి-ఇ-ఎల్, హాస్టల్. ఈ ఆరింటినీ అటూ ఇటూ మార్చితే హోటల్స్ అవుతుంది. ఐదక్షరాలతో హోటల్, దోజ్ (టి-హెచ్-ఓ-ఎస్-ఇ) ఉన్నాయి. నాలుగక్షరాల మాటలు పదికి తక్కువ లేవు. అవి మేము చెప్పం. ఈ రాత్రి స్టడీ అవర్లో మీరే వెతికి, నోటీసు బోర్డు మీద రాయండి తమ్ముళ్లారా!