తిమ్మిరి సూది, నొప్పి మాత్ర
పంటి వైద్యానికి వచ్చేవారి ఇంటివాళ్ళు తెలుసుకోవలసిన సంగతులు



పంటి నొప్పిని పగలు ఎలాగో ఓర్చుకోవచ్చు గాని రాత్రి అది ఎవరినీ నిద్రపోనివ్వదు. నొప్పి ఒకరిదైనా ఇల్లంతా మేలుకొని ఉంటుంది. లవంగం నూరి పెట్టేది మీరే, మందుల షాపుకు పరుగెత్తేది మీరే, తెల్లవారగానే ఆసుపత్రికి తీసుకొచ్చేది మీరే. పన్ను తీశాక మూతి తిమ్మిరితో, నోట్లో దూదితో కూర్చున్న మనిషికి డాక్టరు గారు చెప్పినదాంట్లో సగం కూడా గుర్తుండదు. అందుకే ఈ నాలుగు మాటలు రోగి కంటే ముందు మీకు చెబుతున్నాము. దయచేసి ఓపికగా చదవండి.

తిమ్మిరి సూది అంటే ఏమిటి?

చాలామంది దీన్ని "మత్తు ఇంజెక్షన్" అంటారు. ఆ మాట వినగానే "స్పృహ పోతుందా సిస్టర్? మళ్ళీ మెలకువ వస్తుందా?" అని భయపడతారు. దేవుడు ఆదాముకు గాఢనిద్ర కలుగజేసి పక్కటెముక తీసిన సంగతి మనం ఆదికాండంలో చదువుకున్నాము. పెద్ద ఆపరేషన్లకు ఇచ్చే మత్తు అలాంటిది. పంటికి మామూలుగా ఇచ్చేది అది కాదు. మనిషి మెలకువగానే ఉంటాడు, మాటలు వింటాడు, చేయి ఎత్తి సైగ చేయగలడు. ఆ పన్ను చుట్టుపక్కల మాత్రమే నొప్పి తెలియదు.

మన దగ్గర ఎక్కువగా వాడే మందు పేరు లిగ్నోకెయిన్. లిడోకెయిన్ అన్నా ఇదే. స్వీడన్ దేశపు రసాయన శాస్త్రవేత్త నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో దీన్ని తయారు చేశారు. 1948 నుండి వైద్యంలో వాడుతున్నారు. అంతకు ముందు 1884 నుండి కొకెయిన్, 1905 నుండి ప్రొకెయిన్ వాడారు. మొదటిది వ్యసనంగా మారేది, రెండవదానితో ఎలర్జీలు ఎక్కువగా వచ్చేవి. లిగ్నోకెయిన్‌తో అసలైన ఎలర్జీ చాలా అరుదు. అందుకే ఇన్నేళ్ళయినా దీన్ని వదల్లేదు.

ఇది ఎలా పని చేస్తుంది?

పన్ను నుండి మెదడు దాకా నరం ఉంటుంది. నొప్పి కబురు దాని గుండానే పోతుంది. నరం పైపొరలో ఉండే సన్నని ద్వారాల గుండా సోడియం లోపలికి వెళ్తేనే ఆ కబురు ముందుకు సాగుతుంది. లిగ్నోకెయిన్ ఆ ద్వారాలను కొంతసేపు మూసి ఉంచుతుంది. కబురు మధ్యలోనే ఆగిపోతుంది, మెదడుకు చేరదు. అయితే నొక్కడం, కదపడం మాత్రం తెలుస్తూనే ఉంటాయి. "మొద్దుగా నొక్కినట్టుంది" అంటే భయపడనవసరం లేదు. "సూదితో పొడిచినట్టు నొప్పిగా ఉంది" అంటే మాత్రం వెంటనే చేయి ఎత్తమని మీవాళ్ళకు ముందే చెప్పండి. డాక్టరు ఆగి, అవసరమైతే ఇంకొంచెం మందు ఇస్తారు.

పై పళ్ళకు పంటి పక్కనే సూది వేస్తే చాలు, అక్కడి ఎముక పలుచన కాబట్టి మందు ఇంకుతుంది. కింది దవడ ఎముక గట్టిది. అందుకే కింది దవడ పళ్ళకు నోటి వెనుక భాగంలో, నరం ఎముకలోకి ప్రవేశించే చోట సూది వేస్తారు. అప్పుడు ఆ వైపు సగం పెదవి, సగం నాలుక కూడా మొద్దుబారతాయి. "పక్షవాతం వచ్చిందేమో" అని కంగారుపడవద్దు. పెదవికి తిమ్మిరి 3 నుండి 5 గంటలు ఉండి దానంతటదే పోతుంది.

ఈ మందులో చాలాసార్లు కొద్దిపాటి అడ్రినలిన్ కలిపి ఉంటుంది. అది ఆ చోట రక్తనాళాలను బిగిస్తుంది. దానివల్ల మందు అక్కడే ఎక్కువసేపు నిలుస్తుంది, రక్తం తక్కువ పోతుంది. దీనివల్ల కొందరికి కొద్ది నిమిషాలు గుండె దడగా, చేతులు వణుకుగా ఉంటుంది. అది తగ్గిపోతుంది. కాని గుండె జబ్బు ఉన్నవారికి, బి.పి. అదుపులో లేనివారికి అడ్రినలిన్ తగ్గించాలి, లేదా అది లేని మందు వాడాలి. ఆ జబ్బు ఉన్న సంగతి మీరు చెబితేనే డాక్టరుకు తెలుస్తుంది.

చీము పట్టిన పంటి సంగతి

"నిన్న పక్కింటి ఆవిడకు సూది బాగా పని చేసింది, మా ఆయనకు ఎందుకు పని చేయలేదు?" అని అడుగుతారు. చీము పట్టి వాచిన చోట ఆమ్ల గుణం ఎక్కువవుతుంది. ఆ ఆమ్లంలో లిగ్నోకెయిన్ నరంలోకి సరిగా చొరబడలేదు. అందుకని డాక్టరు కొన్నిసార్లు వాపుకు దూరంగా వేరే చోట సూది వేసి పన్ను తీస్తారు. కొన్నిసార్లు ముందు చీము తీసి, మందులిచ్చి మళ్ళీ రమ్మంటారు. ఊరికే తిప్పుతున్నారని అనుకోకండి. అన్నిటికంటే మంచిది, వాపు రాకముందే రావడం.

సూదికి ముందు తప్పక చెప్పవలసినవి

1. బి.పి., గుండె జబ్బు, స్టెంట్ వేసి ఉండడం, వాల్వ్ మార్చి ఉండడం.
2. షుగర్. మాత్రలా, ఇన్సులినా అన్నది కూడా చెప్పాలి.
3. రక్తం పలుచబడే మందులు: యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి. పన్ను తీయించుకోవాలని వీటిని మీ అంతట మీరు ఆపవద్దు. ఆపితే గుండెపోటు, పక్షవాతం వచ్చే ప్రమాదముంది. ఏమి చేయాలో డాక్టరు చెబుతారు.
4. గర్భిణి అయినా, పాలిచ్చే తల్లి అయినా. వీరికి లిగ్నోకెయిన్ ఇవ్వవచ్చు. నొప్పి మాత్రల విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి.
5. ఉబ్బసం, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, లివర్ జబ్బు, మద్యం అలవాటు.
6. గతంలో ఏదైనా మందు పడకపోవడం. "పడలేదు" అని ఊరుకోక, ఏమి జరిగిందో చెప్పండి. దద్దుర్లు వచ్చాయా, ఆయాసం వచ్చిందా, కళ్ళు తిరిగి పడిపోయారా?

ఇంట్లో వాడే మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసి తెస్తే ఇంకా మంచిది. పేర్లు గుర్తులేకపోయినా మేము చూసుకుంటాము.

ఇంకొక మాట. తిమ్మిరి సూదితో పన్ను తీయించుకునేవారు ఖాళీ కడుపుతో రాకూడదు. తేలికగా టిఫిన్ తిని, రోజూ వేసుకునే మాత్రలు వేసుకొని రావాలి. షుగర్ ఉన్నవారు పస్తు ఉండి వస్తే షుగర్ పడిపోతుంది. పూర్తి మత్తు ఇస్తామని చెప్పినప్పుడు మాత్రం వారు చెప్పినట్టే పస్తు ఉండాలి.

సూది వేశాక కళ్ళు తిరిగితే

చాలామందికి వచ్చే ఇబ్బంది ఇదే. భయం వల్ల బి.పి. ఒక్కసారిగా పడిపోయి, చెమటలు పట్టి, ముఖం పాలిపోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెడితే కొద్దిసేపట్లో తేరుకుంటారు. ఇది ఎలర్జీ కాదు. దీన్ని చూసి "మా అమ్మకు సూది పడదు" అని ముద్ర వేస్తే ఆమె ఇక జీవితమంతా పంటి వైద్యానికి దూరమైపోతుంది. ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు కళ్ళు వాయడం, పిల్లికూతలతో ఆయాసం వస్తే మాత్రం అది ఎలర్జీయే. ఆ కాగితం జాగ్రత్తగా దాచి ప్రతి డాక్టరుకూ చూపాలి.

ఇంటికి వెళ్ళాక

పెట్టిన దూదిని 30 నుండి 45 నిమిషాలు గట్టిగా కరిచి పట్టుకోవాలి. మాటిమాటికీ తీసి చూడకూడదు. ఆ రోజు ఉమ్మివేయడం, పుక్కిలించడం, స్ట్రాతో తాగడం వద్దు. గుంటలో గడ్డకట్టిన రక్తమే అక్కడి పుండుకు కట్టు. మరుసటి రోజు నుండి గోరువెచ్చని ఉప్పునీళ్ళతో మెల్లగా పుక్కిలించవచ్చు.

తిమ్మిరి పోయే దాకా వేడి టీ, వేడి అన్నం ఇవ్వవద్దు, నోరు కాలినా తెలియదు. చిన్న పిల్లలైతే మొద్దుబారిన పెదవిని ఆటగా కొరుక్కుంటారు. సాయంత్రానికి వాచి, మరునాటికి తెల్లగా పుండవుతుంది. అది చీము కాదు, కొరుకుడు పుండు. అలా జరగకుండా తిమ్మిరి పోయేవరకు ఒకరు పక్కన కూర్చోవాలి.

బీడీ, సిగరెట్, చుట్ట, గుట్కా కనీసం 3 రోజులు ముట్టకూడదు. శ్రీకాకుళం, విశాఖ తీరాన అడ్డపొగ తాగే అమ్మలకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాము. పొగ వల్ల ఆ రక్తపుగడ్డ ఊడిపోతే ఎముక బయటపడుతుంది. అప్పుడు రెండు, మూడు రోజులకు చెవి దాకా లాగే నొప్పి మొదలవుతుంది. మాత్రలు పెంచుకుంటూ పోతే అది తగ్గదు. తిరిగి వస్తే గుంట కడిగి మందు పెడతారు.

నొప్పి మాత్రలు: ఏది, ఎంత?

తిమ్మిరి పూర్తిగా పోయి నొప్పి ముదిరాక కాక, తిమ్మిరి ఉండగానే మొదటి మాత్ర వేయాలి. పెరుగన్నమో, జావో తిన్నాకే వేయండి.

పారాసెటమాల్: పెద్దవారికి సాధారణంగా 500 మి.గ్రా. నుండి 1000 మి.గ్రా., 6 గంటల ఎడంతో. 24 గంటల్లో మొత్తం 4000 మి.గ్రా. దాటకూడదు. బక్కపలుచని వారికి, లివర్ జబ్బు ఉన్నవారికి, రోజూ తాగేవారికి ఇంకా తక్కువే.

ఐబుప్రొఫెన్: 400 మి.గ్రా., 8 గంటల ఎడంతో, డాక్టరు చెప్పినన్ని రోజులే. ఇది వాపునూ తగ్గిస్తుంది. పడేవారికి ఈ రెండూ కలిపి ఇస్తే మామూలుగా పన్ను తీసిన నొప్పికి సరిపోతుంది. అంతకంటే బలమైన మందులు చాలామందికి అవసరం రావు.

అట్ట మీద పేరు వేరైనా లోపలి మందు ఒకటే కావచ్చు. డోలో 650 అంటే పారాసెటమాల్ 650 మి.గ్రా. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ 400, పారాసెటమాల్ 325 మి.గ్రా. ఉంటాయి. రెండూ వేసుకుంటే పారాసెటమాల్ రెండుసార్లు పడినట్టే. దాని మీద జ్వరం మాత్ర అని క్రోసిన్ వేస్తే మూడోసారి. పారాసెటమాల్ ఎక్కువైతే లివర్ చెడిపోతుంది. అదీ మొదటి రోజు ఏమీ తెలియనివ్వదు.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివి ఎవరికి వద్దు?

కిడ్నీ జబ్బు ఉన్నవారికి, కడుపులో పుండు లేక రక్తస్రావం ఉన్నవారికి, గుండె బలహీనంగా ఉన్నవారికి, రక్తం పలుచబడే మందు వాడేవారికి, నొప్పి మాత్రలతో ఆయాసం వచ్చే ఉబ్బస రోగులకు, గర్భిణులకు (ముఖ్యంగా 20 వారాలు దాటాక) డాక్టరును అడగకుండా ఇవ్వకూడదు. డెంగ్యూ రోజుల్లో జ్వరం కూడా ఉంటే ఇవి అసలే వద్దు, రక్తస్రావం కావచ్చు. ఉద్దానం ప్రాంతంలో ఎన్నో ఇళ్ళల్లో కిడ్నీ రోగులున్నారు. ఆ జబ్బుకు అసలు కారణం ఏదైనా, ఒకసారి దెబ్బతిన్న కిడ్నీని ఈ మాత్రలు ఇంకా దెబ్బతీస్తాయి. ఒళ్ళునొప్పులకని, పంటికని రోజూ ఒకటి వేసే అలవాటు మానండి.

పిల్లలకు మందు వయసును బట్టి కాదు, బరువును బట్టి. సీసాతో ఇచ్చిన కొలత మూతతోనే పోయండి, ఇంట్లోని చెంచాతో వద్దు. 16 ఏళ్ళలోపు వారికి నొప్పికని యాస్పిరిన్ ఇవ్వకూడదు, మెదడుకూ లివర్‌కూ ప్రమాదం. నిమెసులైడ్‌ను 12 ఏళ్ళలోపు పిల్లలకు వాడకుండా మన ప్రభుత్వం 2011లోనే నిషేధించింది.

పంటి పక్కన యాస్పిరిన్ మాత్ర, కర్పూరం, పొగాకు పెట్టకండి. చిగురు కాలిపోతుంది. లవంగ నూనె ఒక చుక్క దూదితో అద్దితే కాసేపు ఉపశమనమే గాని, పుప్పిని బాగు చేయదు.

యాంటీబయాటిక్ నొప్పి మాత్ర కాదు

"నాలుగు అమాక్సిసిలిన్ ఇవ్వండి" అని షాపులో అడిగి తీసుకోవడం చూస్తుంటాము. పంటి లోపలి నరం వాచి వచ్చే నొప్పికి యాంటీబయాటిక్ పని చేయదు. దానికి రూట్ కెనాలో, పన్ను తీయడమో వైద్యం. ముఖం వాచినా, జ్వరం వచ్చినా డాక్టరు ఇస్తారు. అట్ట మీద ఎర్ర గీత ఉంటే అది చీటీ లేకుండా కొనకూడని మందు అని గుర్తు. మెట్రోనిడజోల్ వాడే రోజుల్లో, ఆపాక ఇంకో 3 రోజుల వరకు మద్యం ముట్టకూడదు. వార్ఫరిన్ వాడేవారు మెట్రోనిడజోల్ సంగతి తప్పక డాక్టరుకు చెప్పాలి, రక్తం మరీ పలుచబడుతుంది.

ఈ గుర్తులు కనబడితే ఆగవద్దు

మాత్రతో నొప్పి తగ్గినంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదు. ఒక్కొక్కసారి నరం చచ్చిపోయి నొప్పి పోతుంది, కాని కింద చీము పెరుగుతూనే ఉంటుంది. వారాల తరబడి మాత్రలతో నెట్టుకొచ్చి, చివరకు మెడ వాచి ఊపిరాడక ఆక్సిజన్ మీద వచ్చేవారు ఉన్నారు. పుప్పి పన్నుతో మనిషి ప్రాణం పోతుందా అని అడగకండి, పోతుంది.

• దవడ కింద, మెడ గట్టిగా వాయడం
• నాలుక పైకి లేవడం, మింగలేకపోవడం, లాలాజలం కారిపోవడం
• నోరు తెరవలేకపోవడం, మాట మారడం
• ఊపిరి ఆడకపోవడం
• కన్ను మూసుకుపోయేంత వాపు, చలి జ్వరం
• గంటసేపు గట్టిగా కరిచినా ఆగని రక్తం

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, అర్ధరాత్రి అయినా, ఆదివారం ఆరాధన వేళ అయినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకురండి. 108కు ఫోన్ చేయండి. ఇంకో మాత్ర వేసి తెల్లవారేదాకా చూద్దామని ఆగవద్దు.

చివరిగా ఒక చిన్న పని. డాక్టరు రాసిన చీటీ మీద ఏ మాత్ర, ఎన్ని గంటలకు, ఎన్ని రోజులు అన్నది తెలుగులో రాయించుకొని ఇంట్లో గోడకు అంటించండి. అర్థం కాకపోతే మళ్ళీ అడగండి. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెబుతాము. మీ ఇంటివారికి ప్రభువు త్వరగా స్వస్థత దయచేయును గాక.