అమెరికా అంటే ఫ్రాన్స్‌కు ప్రేమా.. కోపమా?

పరాయి దేశంలో పనిచేసుకునే మనకు ఒక సంగతి బాగా తెలుసు. మనమెవరో తెలియకముందే మనది ఏ దేశమో అడుగుతారు. ఆ వారం టీవీలో మన దేశం గురించి ఏం చూపించారో, మన మీద చూపూ అలాగే ఉంటుంది. ఈ కష్టం మనలాంటి వాళ్లకే అనుకుంటాం కానీ, అంత పెద్ద అమెరికావాళ్లకూ తప్పలేదు. ఫ్రాన్స్‌నే చూడండి.

పాత దోస్తీ

అమెరికాకు తొలి మిత్రదేశం ఫ్రాన్సే. 1778లో ఒప్పందం చేసుకుని, బ్రిటన్ మీద పోరుకు సైన్యాన్ని, ఓడల్ని పంపింది. న్యూయార్క్ రేవులో 1886 నుంచి నిలబడి ఉన్న స్వేచ్ఛా విగ్రహం ఫ్రెంచివాళ్లు చందాలేసుకుని ఇచ్చిన కానుక. 1944లో నాజీల చెర వదిలించడానికి వచ్చిన అమెరికా సైనికులకు ఊరూరా పూలతో స్వాగతం పలికారు.

కోలా గొడవ

యుద్ధం ముగిశాక అమెరికా నుంచి సాయం అందింది. దాంతోపాటు కోకాకోలా కూడా వచ్చింది. మా వైన్ గతేం కావాలంటూ ద్రాక్ష రైతులు గగ్గోలు పెట్టారు. 1950లో ఆ గొడవ పార్లమెంటు దాకా వెళ్లింది. 1966లో అధ్యక్షుడు డిగాల్ నాటో సైనిక కమాండ్ నుంచి తప్పుకుని, అమెరికా సేనల్ని వెళ్లిపొమ్మన్నారు. 1999లో తమ జున్ను మీద అమెరికా సుంకం వేసిందన్న కోపంతో, జోసే బొవే అనే రైతు నాయకుడు తోటివారితో కలిసి మియోలో కడుతున్న మెక్‌డొనాల్డ్స్‌ను ఊడబీకారు. తమాషా ఏమిటంటే, ఇవాళ ఆ దేశంలో అవే హోటళ్లు 1,500 పైచిలుకు!

పైకీ కిందికీ

2001 సెప్టెంబరు 11 దాడులప్పుడు 'మనమంతా అమెరికన్లమే' అని పారిస్ పత్రిక లె మోండ్ రాసింది. 2003లో ఇరాక్ యుద్ధాన్ని ఫ్రాన్స్ వద్దనేసరికి మళ్లీ చెడింది. అమెరికా చట్టసభ క్యాంటీన్లలో 'ఫ్రెంచ్ ఫ్రైస్' పేరునే మార్చేశారు! ప్యూ సంస్థ సర్వేల్లో అమెరికాను మెచ్చిన ఫ్రెంచివాళ్లు 2008లో 42 శాతం. ఒబామా వచ్చిన 2009లో 75 శాతం. 2020లో 31 శాతమే.

ఇరాక్ గొడవ ముదిరిన రోజుల్లో కూడా అమెరికా దేశం కంటే అమెరికా మనుషులంటేనే ఫ్రెంచివాళ్లకు ఎక్కువ ఇష్టమని అవే సర్వేలు చెప్పాయి. మనకు ధైర్యమిచ్చే మాట ఇదే. పాస్‌పోర్టు మీది చూపు వార్తల్ని బట్టి మారుతుంది. పక్కన నిలబడి పనిచేసిన మనిషి మీది చూపు అంత తొందరగా మారదు.