'భాం' అంటే దారొస్తుందా?

సైబర్ టవర్స్ కూడలిలో ఎర్రలైటు పడింది. బండి ఆపి కాలు కింద పెట్టారు. అంతలో చెవి పక్కనే 'భాం...!' లారీ మీదికొచ్చేసిందేమోనని గుండె గుభేలుమంటుంది. హ్యాండిల్ వణుకుతుంది. తీరా తిరిగి చూస్తే... వెనకున్నది బుల్లి కారు!

మాదాపూర్, గచ్చిబౌలి దారుల్లో తిరిగేవారికి ఈ అనుభవం కొత్తేమీ కాదు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఆఫీసులు పెరిగాయి. 2018లో మైండ్‌స్పేస్ ఫ్లైఓవరూ, 2020లో దుర్గం చెరువు తీగల వంతెనా వచ్చాయి. కానీ పొద్దున్నే బారులు తీరే వాహనాలు తగ్గలేదు. తగ్గింది ఓపికే!

బూరలో గాలి

లారీలకూ బస్సులకూ బ్రేకుల కోసం గాలి ట్యాంకు ఉంటుంది. అందులోని గాలిని బూరలోకి వదిలితే లోపలి పల్చటి రేకు అదిరి మోత పుడుతుంది. కారుకు ఆ ట్యాంకు ఉండదు. అందుకే బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసర్‌ను బిగిస్తారు. మామూలు హారన్ కన్నా అది ఎక్కువ కరెంటు లాగుతుంది. రిలే లేకుండా తీగలు కలిపితే ఫ్యూజు పోవచ్చు, వైర్లు వేడెక్కవచ్చు.

మోగించేవారికి వినపడదు

డెసిబెల్స్ లెక్క విచిత్రం. పది పెరిగితే శబ్దశక్తి పదిరెట్లవుతుంది. 85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలకు మించి ఉంటే చెవికి ముప్పంటారు నిపుణులు. వంద దగ్గర ఆ గడువు పావుగంటే! కారులోని వారికేం... అద్దాలు మూసి, ఏసీ వేసుకుని, పాటలు వింటుంటారు. ఆ మోతంతా భరించేది కూడలిలో నిలబడ్డ కానిస్టేబులూ, పక్కన బండి మీద పళ్లమ్ముకునే మనిషీ, సంచీతో పరుగెత్తే డెలివరీ కుర్రాడూ.

'మామూలు హారన్ ఎవరూ పట్టించుకోరు కదా' అంటారు కొందరు. నిజమే. కానీ అందరూ ఎయిర్ హారన్లు పెడితే వాటినీ ఎవరూ పట్టించుకోరు. అప్పుడు అసలు ప్రాణం మీదికొచ్చిన 108 కూత ఆ గోలలోనే కలిసిపోతుంది.

చట్టం ఏమంటోంది?

రకరకాల స్వరాలు వరసగా పలికే హారన్లూ, చెవులు చిల్లులుపడే మోత చేసే పరికరాలూ పెట్టకూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వ నిబంధన చెబుతోంది. శబ్ద నిబంధనల ఉల్లంఘనకు మూడు నెలల వరకూ జైలు, లేదా పదివేల రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ విధించవచ్చని 2019లో సవరించిన చట్టంలో ఉంది. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల నిశ్శబ్ద మండలంలో మామూలు హారనూ కొట్టకూడదు.

2020 జనవరిలో ముంబయి ట్రాఫిక్ పోలీసులు ఒక తమాషా చేసి చూపించారు. కూడలిలో హారన్ల మోత 85 డెసిబెల్స్ దాటితే చాలు, ఎర్రలైటు లెక్క మళ్లీ మొదటికొస్తుంది! ఎంత మోగిస్తే అంతసేపు ఆగాలన్నమాట.

అలాంటి మీటర్ మన కూడలిలో లేకపోయినా లెక్క మాత్రం అదే. ఎంత గట్టిగా ఊదినా ఎర్రలైటు ఒక్క సెకను కూడా ముందుగా పచ్చబడదు. ఉలిక్కిపడేది మాత్రం ముందు బండి మీదున్న మనిషే!