నెట్‌వర్క్ కార్డు - లోపాన్వేషణ

లినక్స్‌తో నడిచే కంప్యూటరుకు ఇంటర్నెట్ అందనప్పుడు చాలామంది మొదట నెట్‌వర్క్ కార్డునే అనుమానిస్తారు. అది చెడిపోయిందని తలచి తొందరపడి మార్చివేస్తారు. కొత్త కార్డు బిగించిన తరువాత కూడా కంప్యూటరు మూగగానే ఉండిపోవడం అరుదు కాదు. దోషం ఎక్కడున్నదో తేలాలంటే పరిశీలన కింది మెట్టు నుండి మొదలు కావాలి.

కేబులు బిగించే చోట చిన్న దీపం వెలుగుతున్నదా అని ముందుగా చూడాలి. అది వెలగనప్పుడు కేబులును, స్విచ్‌ను మార్చి చూడకుండా కార్డును నిందించరాదు. తరువాత ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ అనే ఆదేశమిస్తే కంప్యూటరులోని పీసీఐ పరికరాల జాబితా వస్తుంది. కార్డు పేరు అందులో ఉండి, ‘ఐపీ లింక్’ ఆదేశమిచ్చినప్పుడు కనబడకపోతే, సాధారణంగా దానిని నడిపే డ్రైవరు పనిచేయడం లేదని గ్రహించాలి. అందుకు కారణం ‘డీఎంఈఎస్‌జీ’ చూపే కెర్నల్ సందేశాలలో తరచుగా దొరుకుతుంది. వాటిని చదివే ఓపికే కొరవడుతుంది.

127.0.0.1 అనే చిరునామాకు ‘పింగ్’ పంపగా జవాబు వచ్చినంత మాత్రాన కార్డు బాగున్నదని భావించరాదు. ఆ సందేశం కెర్నల్ లోపలే తిరిగి వస్తుంది. కార్డును తాకనే తాకదు.

పేరు వల్ల కలిగే చిక్కు మరొకటి ఉన్నది. 2013 నుండి సిస్టమ్‌డీ వాడే అనేక లినక్స్ రూపాలలో ‘ఈటీహెచ్0’ వంటి పాత పేర్ల స్థానంలో, కార్డు అమర్చిన చోటును తెలిపే ‘ఈఎన్‌పీ3ఎస్0’ వంటి పేర్లు వచ్చాయి. కార్డును వేరొక స్లాటులోకి మార్చితే పేరు కూడా మారవచ్చు. అప్పుడు పాత పేరుతో వ్రాసి ఉంచిన అమరికలు దానికి వర్తించవు. కార్డు నిక్షేపంగానే ఉంటుంది. అమరికల ఫైలులో ఆ పేరు దిద్దితే చాలు.