నరసాపురం ఇసుకలో థోరియం ఎక్కడిది?

తణుకుకు దిగువన నరసాపురం తీరంలో ఇసుక అక్కడక్కడ నల్లగా చారలు కడుతుంది. ఆ నల్ల ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్‌లతో పాటు తేనె రంగు మోనజైట్ రేణువులు కొద్దిగా ఉంటాయి. మన దేశపు మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ 8 నుంచి 10 శాతం. తూర్పు కనుమల రాళ్లు అరిగి కడలి ఒడ్డుకు చేరిన థోరియం ఇది. దాని అర్ధాయువు సుమారు 1,400 కోట్ల ఏళ్లు కాబట్టి, భూమి కంటే ముందే పుట్టినా ఇంకా చాలావరకు మిగిలే ఉంది.

ఇనుము దాకా చాలా మూలకాలను నక్షత్రాల సంలీనమే తయారుచేస్తుంది. ఆపైన న్యూట్రాన్లే గతి. ఆవేశం లేనివి కనుక కేంద్రకం వాటిని నెట్టెయ్యదు. అవి నింపాదిగా చేరితే ప్రయాణం బిస్మత్ దగ్గరే ఆగిపోతుంది. థోరియం, యురేనియం కావాలంటే వేగం కావాలి.

ఆ వేగం ఊహకందదు. మింగిన న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారేలోపే మరొకటి, ఇంకొకటి వచ్చి పడుతుంటాయి. న్యూట్రాన్ల సంఖ్య 50, 82, 126కు చేరినప్పుడు మాత్రం కేంద్రకం నిండుగా, స్థిరంగా ఉండి కొత్తదాన్ని పట్టుకోదు. ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారేదాకా ఆగాల్సిందే. కాలువ లాకుల దగ్గర నీరు నిలిచినట్టు కేంద్రకాలు అక్కడ పేరుకుంటాయి. 82 దగ్గర పేరుకున్నవి క్షయించి టెల్యూరియం, జెనాన్ అవుతాయి; 126 దగ్గరివి ప్లాటినం, బంగారం అవుతాయి. మరీ బరువెక్కినవి చీలిపోతే ఆ ముక్కలు మళ్లీ న్యూట్రాన్లను పట్టడం మొదలుపెడతాయి. ఇదంతా దాదాపు ఒక్క సెకనులో!

1957లో శాస్త్రవేత్తలు బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హాయిల్ ఈ ప్రక్రియను అద్భుతంగా వర్ణించారు కానీ, చోటు మాత్రం సూపర్‌నోవా అన్నారు. పాఠ్యపుస్తకాలు దశాబ్దాల పాటు అదే వల్లించాయి. సూపర్‌నోవాలో న్యూట్రినోలు న్యూట్రాన్లను ప్రోటాన్లుగా మార్చేస్తాయని, కావలసినన్ని మిగలవని తర్వాతి లెక్కలు తేల్చాయి. కృష్ణబిలం న్యూట్రాన్ నక్షత్రాన్ని చీల్చితే సరుకు దొరుకుతుందని లాటిమర్, ష్రామ్ 1974లోనే చెప్పినా పట్టించుకున్నవారు తక్కువ.

13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు కలిసిపోయిన సంకేతం 2017 ఆగస్టు 17న భూమికి చేరింది. లైగో, వర్గో డిటెక్టర్లు గురుత్వ తరంగాలను పట్టాయి, 1.7 సెకన్లకు గామా కిరణాలు అందాయి. ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో ముందు నీలంగా వెలిగిన చుక్క కొద్ది రోజుల్లోనే ఎర్రబారింది. లాంథనైడ్లనే భారమూలకాలు నీలికాంతిని అడ్డగిస్తాయి. ఆ ఎరుపు వాటి సంతకమే. వెలువడిన భారమూలకాలు భూమి బరువుకు వేల రెట్లు. ఆ కాంతిలో స్ట్రాన్షియం ఉందని 2019లో తేల్చారు. 2023లో మరో విస్ఫోటనంలో జేమ్స్ వెబ్ టెలిస్కోపుకు టెల్యూరియం జాడ కనిపించింది, సరిగ్గా 82 దగ్గర పేరుకునే మూలకం.

ఇక మన ఇసుకలోని థోరియం సంగతి: దానితో విద్యుత్తు అన్నది హోమీ భాభా నాటి మాట. ఆ థోరియంలో అత్యధిక భాగం ఇంకా ఇసుకలోనే ఉంది. దాని పుట్టుక జాడ వెతికే పనికి వచ్చేలా, తెలంగాణ సరిహద్దుకు ఆవల హింగోలి జిల్లాలో కట్టే లైగో-ఇండియా డిటెక్టర్‌కు కేంద్రం 2023 ఏప్రిల్‌లో 2,600 కోట్లు మంజూరు చేసింది. ఇలాంటి విలీనం ఆకాశంలో ఏ మూల జరిగిందో మరింత కచ్చితంగా చెప్పాలంటే ఆ డిటెక్టర్ ఎంతో అవసరం. దాని నిర్మాణం ఇక ఆలస్యం కాకూడదు.