బడి రిజిస్టరు చెప్పిన వయసు

మొన్న సంక్రాంతికి మన సంఘం వాళ్ళందరం కలిసినప్పుడు, భోజనాల దగ్గర మళ్ళీ ఆ వాదన లేచింది. 2022 మే 28న హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో ఒక అమ్మాయి మీద జరిగిన అత్యాచారం కేసు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆరుగురు నిందితుల్లో ఐదుగురు పద్దెనిమిది నిండనివాళ్ళు. ఆ ఏడు సెప్టెంబరులో జువెనైల్ జస్టిస్ బోర్డు వారిలో నలుగురిని పెద్దవాళ్ళుగానే విచారించాలని చెప్పింది. ఒకరి విషయంలో ఆ ఉత్తర్వు చెల్లదని 2023లో హైకోర్టు అన్నది. మాటల్లో అదంతా వచ్చింది.

"పదహారేళ్ళ వాడికి తెలియనిదేముంది మాస్టారూ? చేసేటప్పుడు పెద్దవాడు, పట్టుబడ్డాక పసివాడా?" అన్నారు ఒక మిత్రులు, బొబ్బట్టు తుంచుతూ.

వరుసలో కూర్చున్న వాళ్ళందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఒక పిల్లవాడికి పదహారు నిండాయో లేదో నా చేతిరాతే తేల్చిన సందర్భం ఒకటి నా జీవితంలో ఉంది. ఇన్నాళ్ళూ ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నేను పావగడ తాలూకాలో బడిపంతులుగా చేసి 2019లో రిటైరయ్యాను. మా తాలూకా తుమకూరు జిల్లాలో ఉందన్న మాటే గాని, చుట్టూ ఎక్కువ భాగం ఆంధ్రే. అటు మడకశిర, ఇటు కళ్యాణదుర్గం. జిల్లా కేంద్రానికి పోవాలంటే మాత్రం దాదాపు వంద కిలోమీటర్లు. ఇళ్ళల్లో తెలుగు, బళ్ళో కన్నడం. మా పిల్లలు ఏడ్చేది తెలుగులో, రాసేది కన్నడంలో. ఇప్పుడు పావగడ అంటే తిరుమణి దగ్గరి సోలార్ పార్కు అంటున్నారు. 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. మా కాలంలో పావగడ అంటే శనీశ్వరుని గుడి, చెనిక్కాయ, ఎండిన బోర్లు.

2006 జూన్‌లో ఒక తల్లి తన కొడుకును తెచ్చి ఒకటో తరగతిలో చేర్చుకోమంది. ఆమె కూలికి పోవాలి. ఇంట్లో చూసేవాళ్ళు లేరు. బడిలో మధ్యాహ్నం అన్నం పెడతారు, అక్క కూడా అక్కడే చదువుతోంది. పిల్లవాడిని చూస్తే ఐదేళ్ళు కూడా లేవు. పుట్టిన తారీఖు అడిగితే తెలియదంది. పంచాయతీలో రాయించలేదు. వయసు చాలదని పంపేస్తే వాడు ఎండలో గట్టు మీద కూర్చోవాల్సిందే. నేను అడ్మిషన్ రిజిస్టరులో 20-7-2000 అని రాశాను. చేరడానికి అవసరమైన వయసు దానితో సరిపోయింది. ఆ రోజుల్లో పల్లె బళ్ళల్లో ఇది మామూలే. నాకు పుట్టినరోజు రాసిన మా పంతులుగారు కూడా ఇట్లాగే రాశారు. సర్వీసు పుస్తకంలో నా వయసు వేరు, మా అమ్మ చెప్పే వయసు వేరు.

పదకొండేళ్ళు గడిచాయి. 2017 మార్చి. ఆ ఏడు వానలు లేవు. ఊళ్ళో ట్యాంకరు దగ్గర నీళ్ళ వంతు మీద మాటా మాటా పెరిగింది. పిల్లవాడు అప్పటికి చదువు మానేసి కూలి పనులకు పోతున్నాడు. అవతలి మనిషి వాళ్ళమ్మ బిందెను కాలితో తన్నాడట. వీడు పార తిప్పి కర్రవైపుతో కొట్టాడు. అక్కడితో ఆగి ఉంటే వేరే కథ. ఆ మనిషి కింద పడ్డాక ఇంకో దెబ్బ వేశాడు. మర్నాడు ఆసుపత్రిలో ప్రాణం పోయింది. (ఎవరూ గుర్తు పట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. అట్లాంటి పిల్లవాడి పేరూ ఊరూ బయటపెట్టడానికి చట్టం ఒప్పుకోదు కూడా.)

ఆ రెండో దెబ్బ గురించి ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను. మొదటిది కోపం అనుకోవచ్చు. రెండోదాన్ని ఏమనాలి?

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పాలి. మన దేశంలో పిల్లల నేరాలకు విడిగా చట్టం చేసిన మొదటి ప్రభుత్వం మద్రాసుది, 1920లో. దేశమంతటికీ ఒకే చట్టం 1986లో వచ్చింది. అందులో మగపిల్లలకు హద్దు 16, ఆడపిల్లలకు 18. 2000లో చేసిన చట్టం అందరికీ 18 చేసింది. 2012 డిసెంబరు 16న ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరంలో ఒక నిందితుడికి 18 నిండడానికి కొన్ని నెలలే తక్కువ. వాడికి మూడేళ్ళకు మించి వేయడానికి వీల్లేకపోయింది. 2015 డిసెంబరులో వాడు బయటికి వచ్చాడు, దేశం భగ్గుమంది. రెండు రోజులకే రాజ్యసభ కొత్త చట్టం ఆమోదించింది. వయసు హద్దు తగ్గించవద్దని జస్టిస్ వర్మ కమిటీ 2013లోనే చెప్పినా, ఆ వేడిలో ఎవరికి వినబడుతుంది?

ఆ కొత్త చట్టం 2016 జనవరి 15 నుంచి అమలులో ఉంది. 16 నిండి 18 నిండని పిల్లలు ఘోర నేరం చేస్తే, అంటే కనీసం ఏడేళ్ళ శిక్ష ఉన్న నేరం చేస్తే, బోర్డు ముందుగా మూడు సంగతులు చూడాలి. ఆ పని చేయగల మానసిక, శారీరక శక్తి వాడికుందా? ఫలితం ఏమవుతుందో గ్రహించగలడా? ఏ పరిస్థితుల్లో చేశాడు? చూశాక కావాలంటే కేసును పిల్లల కోర్టుకు పంపవచ్చు, ఆ కోర్టు పెద్దవాడిలా విచారించవచ్చు. అప్పుడు కూడా ఉరి ఉండదు, విడుదలకు ఆశ లేని యావజ్జీవం ఉండదు. 21 దాకా జైల్లో కాక వేరే చోట ఉంచుతారు. అయితే 16కు ఒక్క రోజు తక్కువున్నా ఈ ప్రశ్నే పుట్టదు. ఎంత పెద్ద నేరమైనా మూడేళ్ళే.

మరి ఆ ఒక్క రోజును ఎవరు లెక్కపెడతారు? చట్టం చెప్పేదేమంటే, ముందు బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం గాని పదో తరగతి సర్టిఫికెట్ గాని చూడాలి. అవి లేకపోతేనే పంచాయతీ జనన పత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ పరీక్షైనా రెండేళ్ళు అటో ఇటో చెబుతుందే గాని తారీఖు చెప్పదు. కాబట్టి అన్నిటికన్నా ముందు నిలబడేది బడి రిజిస్టరు. అంటే నా రాత.

పోలీసువారు కాగితం పట్టుకుని వచ్చారు. నేను రిజిస్టరు తీసి, చూసి, సర్టిఫికెట్ రాసి, సంతకం చేసి ముద్ర వేశాను. దాని ప్రకారం ఆ రోజుకు పిల్లవాడికి 16 ఏళ్ళ 8 నెలలు.

ఆ సాయంత్రం తల్లి మా ఇంటికొచ్చి గడప బయటే కూర్చుంది.

"వాణ్ణి పెద్దోళ్ళ మాదిరి కోర్టులో పెడ్తారంట గదా సార్. వానికి పదహారు యాడ నిండె? నేను చెనిక్కాయకు కలుపు తీస్తావుంటే నొప్పులొచ్చె. శ్రావణమాసం, శనివారం. ఊరంతా పావగడ గుడికి పోయింది. మీరు బళ్ళో ఏసుకునేటప్పుడు వానికి ఐదు గూడా లేకపాయె. మీకు తెల్దా సార్?"

నాకు తెలుసు. ఆమె లెక్క ప్రకారం వాడు 2001లో పుట్టాడు, ఆ మార్చికి పదిహేనున్నర. నేను చేయాల్సింది సులువు. బోర్డు ముందుకు పోయి, "ఆ తారీఖు నేను అంచనాగా వేసింది" అని చెప్పడం. అప్పటికి నాకు రెండేళ్ళ సర్వీసు మిగిలి ఉంది. ప్రభుత్వ రికార్డులో తప్పు రాశానని నా నోటితో నేనే చెబితే పెన్షన్ ఏమవుతుందో అని భయపడ్డాను. "రిజిస్టరులో ఏముంటే అదే చెప్పాల తల్లీ" అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. లేచి వెళ్ళిపోయింది.

చనిపోయిన మనిషి కూతురు కూడా మా బళ్ళోనే ఐదో తరగతి చదువుతుండేది. నెల తర్వాత ఆ పాప తల్లి నా దగ్గరికి వచ్చింది. కేసు ఎక్కడ నడుస్తోందో, ఎప్పుడు పిలుస్తారో ఆమెకు చెప్పినవాళ్ళు లేరు.

"మూడేండ్లేనంట గదా సార్? ఇదే పని వాడు ఇంకో రెండేండ్లకు చేసింటే వేరే న్యాయమా? నా మొగుడు అప్పుడు సచ్చినా ఇప్పుడు సచ్చినా సచ్చిందొకటే గదా."

సంక్రాంతి నాడు మన మిత్రులు అన్నదానికన్నా ఇది గట్టి మాట. పిల్లల తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరైనా ముందు ఈమెకు జవాబు చెప్పగలగాలి. నేను ఆ రోజు చెప్పలేకపోయాను.

బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సంఘసేవకులు ఉంటారు, వారిలో ఒకరు స్త్రీ అయి తీరాలి. మా వాడి సంగతి చూసి, కేసు పెద్దవాళ్ళ పద్ధతికి పోనక్కర్లేదని తమ దగ్గరే ఉంచుకున్నారు. నేరం రుజువై ప్రత్యేక గృహానికి పోయాడు. అందువల్ల నా సంతకం వాడిని ముంచలేదు. అది వాడి అదృష్టం, నా అదృష్టం. నా నిజాయితీ అందులో ఏమీ లేదు. వేరే బోర్డు, వేరే రోజు అయితే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు?

ఆ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పడం అంత తేలికా? పార ఎత్తిన ఆ నిమిషంలో వాడి మనసులో ఏముందో, వారాల తర్వాత ఒక గదిలో కూర్చోబెట్టి అడిగితే ఏం తెలుస్తుంది? అడిగేవాళ్ళది కన్నడం. మా వాడికి కన్నడం బడి పాఠాల వరకే. వాడి కోపం, భయం తెలుగువి. గురుగ్రామ్ బడిలో 2017లో జరిగిన చిన్నపిల్లవాడి హత్య కేసులో సుప్రీంకోర్టు 2022 జూలైలో ఈ సంగతే పట్టించుకుంది. ఇది సున్నితమైన పని, బోర్డులో మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్ళు లేకపోతే నిపుణుల సాయం తీసుకుని తీరాలన్నది. మంచిదే. బెంగుళూరు నిమ్హాన్స్‌లో ఈ విద్య తెలిసినవాళ్ళు ఉన్నారు. జిల్లా జిల్లాకూ అట్లాంటివాళ్ళు ఎక్కడ దొరుకుతారు?

పిల్లలను పెద్దల కోర్టులో నిలబెట్టి చూసిన దేశాలున్నాయి. ఇంగ్లండులో 1993లో రెండేళ్ళ పసివాడిని చంపిన ఇద్దరు పదేళ్ళ పిల్లలను పెద్దల పద్ధతిలోనే, వచ్చి చూసే జనం మధ్య విచారించారు. ఆ విచారణ న్యాయంగా జరగలేదని 1999లో యూరప్ మానవ హక్కుల కోర్టు తేల్చింది. పిల్లలు నేరం చేయలేదని కాదు, అక్కడ జరుగుతున్నదాన్ని అర్థం చేసుకుని పాలుపంచుకునే స్థితిలో వాళ్ళు లేరని. అమెరికా అయితే 2005 వరకు పద్దెనిమిది నిండకముందు చేసిన నేరాలకు మరణశిక్ష వేస్తూనే వచ్చింది.

మన దేశం సంగతే చూడండి. 1994లో పుణేలో ఏడుగురి హత్య కేసులో రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక కుర్రవాడికి ఉరిశిక్ష పడింది. ఇరవై ఎనిమిదేళ్ళు జైల్లో గడిచాక, నేరం నాటికి వాడికి పన్నెండేళ్ళే అని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చి విడిచిపెట్టింది. ఆధారం ఏమిటో తెలుసా? ఊరి బడి రిజిస్టరు. ఆ వార్త పేపర్లో చదివి నేను చాలాసేపు అట్లాగే కూర్చుండిపోయాను. ఎవరో నాలాంటి పంతులే ఎప్పుడో రాసిన ఒక వరుస ఒక మనిషిని ఉరికంబం నుంచి దించింది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలను పెద్దలుగా విచారించే వీలును చట్టంలోంచి తీసేయాలి. వాడు అమాయకుడని కాదు. రెండో దెబ్బ నేను మరిచిపోలేదు. వాడి మనసును కొలిచే త్రాసు మన దగ్గర లేదు, వయసు రాసే కాగితమే నాలాంటి వాడి చేతిలో ఉంది, అందుకని. అయితే మూడేళ్ళ దగ్గర గీత గీసి చేతులు దులుపుకోవడం కూడా నాకు సమ్మతం కాదు. ప్రాణం తీసిన కేసుల్లో బోర్డే ఇంకా ఎక్కువ కాలం, వాడికి 21 వచ్చేదాకానో ఆ పైనో, తన కనుసన్నల్లో ఉంచుకునే వీలు ఉండాలి. చనిపోయినవాళ్ళ మనుషులను పిలిచి వాళ్ళ మాట వినాలి. నష్టపరిహారం కోసం జిల్లా న్యాయ సేవల సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చని ఆ పాప తల్లికి చెప్పింది నేనే, అదీ ఏడాది ఆలస్యంగా. నాకే అప్పటిదాకా తెలియదు.

మన మిత్రులు దీనికి ఒప్పుకోరని తెలుసు. జూబ్లీహిల్స్ అమ్మాయి మన ఇంటి పిల్లయితే ఇదే మాట అంటారా అని అడుగుతారు. అనగలనో లేదో నాకే తెలియదు. అందుకే ఇట్లాంటివి తేల్చే పని దెబ్బ తిన్న ఇంటివాళ్ళకు గాని, కొట్టిన ఇంటివాళ్ళకు గాని అప్పగించరు.

ఆ పిల్లవాడు ఇప్పుడు వేరే ఊళ్ళో పని చేసుకుంటున్నాడు. తల్లి ఊళ్ళోనే ఉంది. రెండిళ్ళూ ఇప్పటికీ ఒకే వీధిలో ఉన్నాయి, నీళ్ళు ఒకే చోట పట్టుకుంటాయి. పోయిన ఏడు గుడి దగ్గర ఆమె ఎదురుపడితే, "బాగుండారా సార్" అని పలకరించింది. నేను బాగున్నానన్నాను.

రిటైరయ్యే ముందు చార్జి అప్పగిస్తూ పాత రిజిస్టర్లు తిరగేశాను. 2006 జూన్ పేజీలో ఒకటో తరగతిలో చేరిన పిల్లల వరుస ఉంది. తొమ్మిది మందికి ఒకటే పుట్టినరోజు. జూలై 20. అంతా నా చేతిరాతే.