పోకర్ కూడా మూడు ముక్కలాట చుట్టమే

సెమిస్టర్ పుస్తకాల కోసం అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి, పేకాట కేసు చదువుతూ కూర్చున్నాను. హాస్టల్లో పోకర్ ఆడేవాళ్లది ఒకటే మాట: "జూదం కాదు మామా, స్కిల్." ఆ వాదనకు బలం దొరికింది మన పక్కనే. 1963లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. ఆడుతున్నది రమ్మీ. పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యమేనని 1967లో సుప్రీంకోర్టు తేల్చింది. మూడు ముక్కలాట మాత్రం వట్టి అదృష్టమంది.

పోకర్ చుట్టరికం ఈ రెండోదానితోనే! ఇంగ్లండ్ 'బ్రాగ్' ఇక్కడికొచ్చి తీన్‌పత్తీ అయిందంటారు. అమెరికాలో పోకర్‌కీ దాని పోలికలున్నాయి. 1830లలో మిసిసిపీ పడవల మీద 20 ముక్కలతో ఆడేవాళ్లు, తర్వాత 52 అయ్యాయి. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్లో అర్హత సంపాదించి ప్రపంచ టోర్నీ గెలిచాక ఆట ఇంటింటికీ పాకింది.

బ్లఫ్ చెయ్యడానికి తెలివి అక్కర్లేదని నేననను. కానీ తెలంగాణ 2017లోనే స్కిల్ మినహాయింపు తీసేసింది. 2025 కేంద్ర చట్టం ఆన్‌లైన్ డబ్బాటలన్నిటినీ నిషేధించింది, స్కిల్ అయినా సరే. మా ఫ్లోర్లో ఒకడు పరీక్ష ఫీజు పోగొట్టుకుని కూడా ఇంకా 1967 తీర్పే చూపిస్తున్నాడు.